కళ్లు మూసుకుంటే ఆసుపత్రి గదే కనిపిస్తోంది

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. నా వయసు నలభై ఆరు. వ్యాపారంలో నష్టం వచ్చి ఇల్లు అమ్ముకున్నాం. ఆ తర్వాత ఏడాది తిరక్కుండానే నా భర్త ఊపిరితిత్తుల జబ్బుతో మరణించారు. రెండున్నరేళ్లు గడిచాయి. ఇప్పుడు అప్పులు తీరాయి, అమ్మాయి ఉద్యోగంలో కుదురుకుంది. ‘గట్టెక్కావు, ఇక సంతోషంగా ఉండు’ అని అందరూ అంటున్నారు. ఆ సంతోషం ఎక్కడుందో నాకు తెలియడం లేదు. స్నేహితురాలి సలహాతో మైండ్‌ఫుల్‌నెస్ ధ్యాన తరగతిలో చేరితే, కళ్లు మూసుకుని శ్వాసను గమనించమన్నారు. ఆసుపత్రిలో ఆయన చివరి పదకొండు రోజులూ నేను చేసింది అదే, ఆయన శ్వాసను గమనించడం. కళ్లు మూయగానే ఆ గది, యంత్రాల చప్పుడు, గుండెదడ. పది రోజులకే మానేశాను. మొన్న అమ్మాయి ఏదో అంటే పగలబడి నవ్వాను. తప్పు చేసినట్లనిపించి ఆ రాత్రి నిద్రపట్టలేదు. లోపం నాలోనే ఉందా? (పేరు ప్రచురించవద్దు)

జవాబు: మీ ప్రశ్నకు సమాధానం మీ ఉత్తరంలోనే ఉంది. మిగతావారికి శ్వాస ఒక మామూలు విషయం కావచ్చు. పదకొండు రోజులు ఒక మనిషి ఊపిరిని లెక్కపెడుతూ కూర్చున్న మీకు అది మామూలు విషయం ఎలా అవుతుంది? కళ్లు మూసుకున్నప్పుడు బయటి ప్రపంచం నుంచి అందే చూపు ఆగిపోతుంది, ఆ ఖాళీలోకి అన్నిటికంటే బలమైన జ్ఞాపకం వచ్చి కూర్చుంటుంది. తీవ్రమైన మానసిక గాయం అనుభవించిన వారిలో కొందరికి ధ్యానం వల్ల ఆందోళన పెరగడం వైద్యులకు తెలిసిన విషయమే. తరగతి మొదలుపెట్టే ముందు ఆ సంగతి అడిగి తెలుసుకోవలసిన బాధ్యత నేర్పేవారిది. మీరు మానేయడం ఓటమి కాదు, సరైన నిర్ణయమే.

ఈ పద్ధతి ఎవరి కోసం పుట్టిందో చెబితే మీకు కొంత ఊరటగా ఉంటుంది. 1979లో అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్య కళాశాలలో జాన్ కబాట్-జిన్ ఈ శిక్షణ ప్రారంభించినప్పుడు ఆయన దగ్గరికి వచ్చినవారిలో చాలామంది మందులకు లొంగని దీర్ఘకాలిక నొప్పులతో బాధపడుతున్నవారు. నొప్పి పోతుందని ఆయన వారికి మాట ఇవ్వలేదు. నొప్పి ఉండగానే దానితో ఎలా మెలగాలో నేర్పారు. అంటే సంతోషాన్ని తయారుచేసి ఇవ్వడానికి పుట్టిన పద్ధతి కాదిది. ‘ఇక సంతోషంగా ఉండు’ అనేవారు ఈ తేడా గమనించరు. బలవంతంగా తెచ్చుకోబోయిన సంతోషం ఎప్పుడూ ముఖం చాటేస్తుంది.

మరచిపోవడానికి ప్రయత్నించినా అంతే. కోతిని తలచుకోకుండా మందు తాగమన్న కథ మనందరికీ తెలుసు. 1987లో మనస్తత్వ శాస్త్రవేత్త డేనియల్ వెగ్నర్, ఆయన సహచరులు ఇంచుమించు ఇదే పని ప్రయోగశాలలో చేశారు. తెల్ల ఎలుగుబంటి గురించి ఆలోచించవద్దని చెప్పి, గుర్తుకొచ్చినప్పుడల్లా గంట మోగించమన్నారు. గంట మోగుతూనే ఉంది సరికదా, ఆ తర్వాత ఇక ఆలోచించవచ్చని అనుమతి ఇచ్చినప్పుడు, మొదటి నుంచీ ఆ అనుమతి ఉన్నవారికంటే వీరికే ఎలుగుబంటి ఎక్కువసార్లు గుర్తుకొచ్చింది. అందువల్ల ఆసుపత్రి గదిని తరిమేయమని మీకు చెప్పను. అలాగని దాని ముందే కూర్చోమని కూడా చెప్పను.

మీరు మళ్లీ మొదలుపెట్టదలచుకుంటే శ్వాసను పూర్తిగా పక్కన పెట్టండి. కళ్లు తెరిచే ఉంచండి. కుర్చీలో కూర్చుని అరికాళ్లు నేలకు ఆనించి ఆ స్పర్శను గమనించండి: నేల చల్లగా ఉందా, గరుకుగా ఉందా, బరువు మడమ మీద పడుతోందా, వేళ్ల మీదా? లేదా బయటి నుంచి వినిపించే శబ్దాలను ఒక్కొక్కటిగా వినండి. రెండు నిమిషాలు చాలు. మధ్యలో ఆ గది గుర్తుకొస్తే ‘ఇది జ్ఞాపకం’ అని మనసులో పేరు పెట్టి, చూపును ఎదురుగా ఉన్న ఏదైనా వస్తువు మీదికి తెచ్చుకుని, తిరిగి పాదాల దగ్గరికి రండి. గుండెదడ పెరుగుతుంటే ఆపేసి లేచి నాలుగడుగులు నడవండి. కూర్చోవడమే భారమనిపించిన రోజున గిన్నెలు తోముతూ చేతికి తగిలే నీటిని గమనించినా అది అభ్యాసమే. నా అనుభవంలో మీవంటి వారికి మొదటి నెలలో ఇదే ఎక్కువ పనికొస్తుంది.

ఒక మాట ఇక్కడ చెప్పాలి. మైండ్‌ఫుల్‌నెస్‌ను ‘ఏకాగ్రత’ అని అనువదించి మనం చాలామందిని ఇబ్బంది పెట్టాం. మనసు పక్కకు పోగానే తప్పిపోయామనుకుంటారు. దీనికి మూలమైన పాళీ పదం ‘సతి’, సంస్కృతంలో ‘స్మృతి’, అంటే గుర్తుంచుకోవడం. మనసు పోతుంది. పోయిందని గుర్తుకొచ్చిన క్షణమే అభ్యాసం. తెలుగులో ‘ఎరుక’ అనే చక్కని మాట ఉండగా ఏకాగ్రతను ఎందుకు పట్టుకున్నామో తెలియదు.

ఇక ఆ నవ్వు సంగతి. మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే ఆశ కలిగించినది అదే. జీవిత భాగస్వామిని పోగొట్టుకున్నవారితో కొన్ని నెలల తర్వాత జరిపిన సంభాషణలను మనస్తత్వ శాస్త్రవేత్తలు డాచర్ కెల్ట్నర్, జార్జ్ బొనానో పరిశీలించి 1997లో ప్రచురించారు. పోయినవారి గురించి మాట్లాడుతూ మనస్ఫూర్తిగా నవ్విన వారిలో వేదన తక్కువగా కనిపించింది. నవ్వు వల్లనే వేదన తగ్గిందని దీన్నిబట్టి చెప్పలేం. నవ్వినవారు పోయినవారిని మరచిపోలేదని మాత్రం చెప్పవచ్చు. 1999లో మార్గరెట్ స్ట్రోబ్, హెంక్ షుట్ ప్రతిపాదించిన సిద్ధాంతం ప్రకారం, దుఃఖంలో ఉన్న మనిషి పోయినవారి వైపు ఒకసారి, ముందున్న జీవితం వైపు ఒకసారి మళ్లుతూ ఉంటారు, ఈ ఊగిసలాటే కోలుకునే మార్గం. మీరు నవ్వినప్పుడు ఒక వైపు, ఆ రాత్రి మరో వైపు ఉన్నారు. ఈసారి నవ్వు వచ్చినప్పుడు అది శరీరంలో ఎక్కడ తెలుస్తోందో, పొట్టలోనా, బుగ్గల్లోనా అని ఒక్క క్షణం గమనించండి. వెనకనే అపరాధభావం వస్తుంది. దాన్నీ అలాగే గమనించండి. వచ్చిన నవ్వును వెనక్కి పంపకండి.

ఆసుపత్రి దృశ్యాలు మెలకువలో కూడా కళ్లముందు ఆడుతున్నా, ఆసుపత్రి ఉన్న దారిన వెళ్లలేకపోతున్నా, నిద్ర వారాల తరబడి చెడుతున్నా మైండ్‌ఫుల్‌నెస్ ఒక్కటే సరిపోదు. మానసిక వైద్యులను లేదా క్లినికల్ సైకాలజిస్టును ఒకసారి కలవండి. ఏడాది దాటినా తగ్గని తీవ్ర దుఃఖాన్ని 2022 నుంచి అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ కూడా చికిత్స అవసరమైన స్థితిగా గుర్తిస్తోంది. దానికీ, గాయపు జ్ఞాపకాలకూ ప్రత్యేకమైన మాటల చికిత్సలు ఉన్నాయి. బతకాలని లేదన్న ఆలోచన వస్తే మాత్రం అపాయింట్‌మెంట్ కోసం ఎదురుచూడవద్దు. అమ్మాయికి చెప్పి అదే రోజు వెళ్లండి.

ప్రశ్న: రెండుసార్లు డిప్రెషన్ వచ్చి తగ్గింది. ఫోన్‌లో యాప్ చూసి రోజూ ఇరవై నిమిషాలు ధ్యానం చేస్తున్నాను, మనసు తేలికగా ఉంది. మాత్రలు ఆపేయవచ్చా? (ఒక పాఠకుడు)

జవాబు: మీ అంతట మీరు ఆపకండి. మీకు వచ్చిన ఆలోచన అర్థం లేనిదేమీ కాదు, దాని మీద మంచి పరిశోధనే జరిగింది. 2015లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన బ్రిటిష్ అధ్యయనంలో మూడు లేదా అంతకంటే ఎక్కువసార్లు డిప్రెషన్ వచ్చిన 424 మంది పాల్గొన్నారు. సగం మంది మైండ్‌ఫుల్‌నెస్ ఆధారిత కాగ్నిటివ్ థెరపీ (ధ్యానంతో పాటు ఆలోచనల తీరును గమనించడం నేర్పే చికిత్స) నేర్చుకుంటూ, వైద్యుల సహాయంతో మాత్రలు తగ్గించుకోవడమో ఆపడమో చేశారు. మిగతావారు మాత్రలు కొనసాగించారు. రెండేళ్లలో జబ్బు తిరగబెట్టినవారు మొదటి వర్గంలో 44 శాతం, రెండో వర్గంలో 47 శాతం. ఇంచుమించు సమానం. అయితే వారు నేర్చుకున్నది శిక్షణ పొందిన నిపుణుల దగ్గర, ఎనిమిది వారాల బృంద తరగతుల్లో. యాప్‌కు మీ ముఖం కనిపించదు, మీ నిద్ర తగ్గిన సంగతి తెలియదు. ధ్యానం కొనసాగించండి. మాత్రలను ఒక్కసారిగా ఆపితే తలతిరగడం, చిరాకు, నిద్రలేమి వంటివి రావచ్చు, వాటిని చూసి జబ్బే తిరిగొచ్చిందని భయపడేవారూ ఉన్నారు. వచ్చే నెల మీ వైద్యుని దగ్గరికి వెళ్లేటప్పుడు నిద్ర, ఆకలి, మనస్థితి ఎలా ఉన్నాయో రోజుకు ఒక వాక్యం చొప్పున రాసిన కాగితం వెంట తీసుకెళ్లి, మోతాదు తగ్గించే మాట ఆయన ముందుంచండి.