ఒంటికి పోయి ఎంతసేపైంది?

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

చిత్తూరులో క్యాజువాల్టీ డ్యూటీ పడిందని మీ అమ్మ చెప్పింది. గంగమ్మ జాతర రోజులు, తాగి పడినవాళ్లను రాత్రంతా తెస్తూనే ఉంటారు. వాళ్లలో ఎప్పుడో ఒకడికి మూత్రసంచి పగిలి ఉంటుంది. ఆ సంగతి నీకు తట్టాలనే ఈ ఉత్తరం.

నాకు తట్టలేదమ్మా. ముప్పై ఏళ్ల కుర్రాడు, కడుపు ఉబ్బింది, రెండు రోజులుగా ఒంటికి సరిగా రావడం లేదు. కిడ్నీలు వడపోయాల్సిన మలినం క్రియాటినిన్ రక్తంలో 6, స్కాన్‌లో కడుపు నిండా నీరు. తాగుడు ఉందనగానే లివర్, కిడ్నీ రెండూ పోయాయని రాసి డయాలసిస్‌కు పంపబోయాను. ఇంతలో సిస్టర్ ఫోలీ క్యాథెటర్ (మూత్రం తీసే గొట్టం) వేస్తే లీటర్ల కొద్దీ మూత్రం వచ్చింది. మర్నాటికి క్రియాటినిన్ సగమైంది. అప్పుడు అడిగితే వాళ్లమ్మ చెప్పింది, అరుగు మీంచి బోర్లా పడ్డాడని. బతికాడు, కానీ ఒక రోజంతా నా వల్లే పోయింది.

తాగినవాడికి సంచి నిండినా తెలియదు. నిండిన సంచికి పైభాగమే బలహీనం, చిన్న దెబ్బకే చిట్లి మూత్రం పెరిటోనియంలోకి, అంటే పేగుల చుట్టూ ఉండే పొర లోపలికి కారుతుంది. ఆ పొర యూరియాను, క్రియాటినిన్‌ను, పొటాషియంను మళ్లీ రక్తంలోకి లాగేస్తుంది. కిడ్నీలు బాగానే ఉన్నా రిపోర్టు పాడైనట్టే చూపిస్తుంది. మొదట్లో కడుపు మెత్తగానే ఉండొచ్చు, దాన్ని చూసి ధైర్యపడకు.

పడేముందు ఒంటికి పోయి ఎంతసేపైంది, పడ్డాక పోశాడా, రక్తం పడిందా అని అడుగు. రోగి మత్తులో ఉంటే ఇంటివాళ్లను అడుగు. కడుపులో నీరు సిరంజితో తీసి క్రియాటినిన్ చూడు, రక్తంలో కన్నా బాగా ఎక్కువుంటే అది మూత్రమే.

నరంలోకి కాంట్రాస్ట్ (స్కాన్‌లో తెల్లగా కనిపించే మందు) ఇచ్చి తీసే మామూలు సీటీ బాగుందని వదిలేయొద్దు. క్యాథెటర్ గుండా మూత్రసంచిలోకే పల్చని కాంట్రాస్ట్ కనీసం 300 మి.లీ. ఎక్కించి తీసే సీటీ సిస్టోగ్రామ్‌లోనే చిల్లు నమ్మకంగా కనిపిస్తుంది. కటి ఎముక విరిగి, మూత్రద్వారం దగ్గర రక్తం ఉంటే మాత్రం క్యాథెటర్ జోలికి పోకు, ముందు యూరెత్రోగ్రామ్ (మూత్రనాళంలోకి కాంట్రాస్ట్ పంపి తీసే ఎక్స్‌రే) తీయించు.

పెరిటోనియంలోకి పగిలితే కుట్టాల్సిందే. ఆ పొరకు బయటివైపు చిట్లితే చాలామందికి క్యాథెటర్‌తోనే మానుతుంది. తిరుపతి స్విమ్స్ ఆసుపత్రిలో యూరాలజీ (మూత్రవ్యవస్థ సర్జరీ విభాగం) ఉంది, మనకు డెబ్భై కిలోమీటర్లు. పంపేముందు పొటాషియం, ఈసీజీ చూసి, యాంటీబయాటిక్ మొదలుపెట్టు. రెఫరల్ చీటీలో ‘మూత్రసంచి పగిలిందని అనుమానం’ అని నీ చేత్తోనే రాయి. లేకపోతే అక్కడా కిడ్నీ కేసనే మొదలుపెడతారు.

అనుమానం వస్తే రాత్రి ఎన్నింటికైనా ఫోన్ చెయ్యి తల్లీ, మేలుకునే ఉంటాను.