ఆ మూడు వేలు ఎవరి జేబులోంచి వచ్చాయి?

ప్రశ్న: మా ఊళ్లో ఒక షాపులో 40,000 రూపాయల టీవీ కొన్నాను. షాపువాళ్లు 4,000 తగ్గించారు. కంపెనీ క్యాష్‌బ్యాక్ కింద ఇంకో 3,000 నెల తర్వాత నా ఖాతాలో పడింది. అంటే టీవీ నాకు 33,000కే వచ్చినట్టు. బిల్లులో మాత్రం 36,000 మీద జీఎస్‌టీ లెక్కేశారు. ఎక్కువ కట్టిన పన్ను వెనక్కి అడగొచ్చా?
- ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: అడగొచ్చు గానీ రాదండీ. షాపువాళ్ల లెక్క సరైనదే.

36,000లో 18 శాతం పన్ను కలిసే ఉంది. విడదీస్తే సుమారు 5,492 రూపాయలు. అదే 33,000 అయితే 5,034. మీ బాధంతా ఈ 458 రూపాయల గురించే కదా. రెండు తగ్గింపులూ మీకు ఒకటిగానే కనిపిస్తాయి. చట్టం మాత్రం ఆ డబ్బు ఎవరు వదులుకున్నారో చూస్తుంది.

4,000 షాపువాడు తన లాభంలోంచి వదులుకున్నాడు. అమ్మేటప్పుడే ఇచ్చి బిల్లులో చూపిన డిస్కౌంటుని సీజీఎస్‌టీ (కేంద్ర జీఎస్‌టీ) చట్టం సెక్షన్ 15(3) పన్ను వేసే విలువలోంచి తీసేయమంటుంది. తీసేశారు. బిల్లులో రాయడం ముఖ్యం, నోటిమాటగా తగ్గిస్తే చాలదు.

ఇక 3,000. అది కంపెనీ మీకు ఇచ్చింది. షాపువాడి గల్లాపెట్టెలోకి మీ దగ్గర్నుంచి 36,000 వచ్చింది, అందులో పైసా తిరిగి పోలేదు. మీకు, షాపుకి మధ్య జరిగిన అమ్మకం విలువ అదే.

కౌంటర్ దగ్గరే ఆ 3,000 కోసేసుకుని 33,000 తీసుకుంటే? చాలామంది ఇక్కడే పొరబడతారు. కంపెనీ మీతో ఒప్పుకున్న తగ్గింపు ధరకే షాపు అమ్మి, ఆ తేడాని తర్వాత కంపెనీ దగ్గర రాబట్టుకుంటే అప్పుడూ పన్ను 36,000 మీదే. ఎందుకంటే సెక్షన్ 2(31) ప్రకారం వస్తువుకి ప్రతిఫలం కొన్నవాళ్లే ఇవ్వక్కర్లేదు, వేరేవాళ్లు ఇచ్చినా లెక్కలోకి వస్తుంది. 2025 సెప్టెంబరులో కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు ఇచ్చిన సర్క్యులర్ కూడా ఇదే చెప్పింది. అదే 3,000ని షాపువాడే భరిస్తే పన్ను 33,000 మీద.

మీరు అడగలేదు గానీ, దీనికంటే పెద్ద మోసం ఒకటి బట్టల షాపుల్లో చూస్తుంటాను. ఎంఆర్‌పీ మీద సగం తగ్గింపు అని బోర్డు పెడతారు, బిల్లు దగ్గరికొచ్చేసరికి పైన పన్ను కలుపుతారు. ఎంఆర్‌పీ అంటేనే అన్ని పన్నులూ కలిపిన ధర. జీఎస్‌టీకి ముందున్న వ్యాట్ రోజుల్లో ఇలాంటి కేసులోనే జాతీయ వినియోగదారుల కమిషన్ 2017లో ఇది అనుచిత వ్యాపార పద్ధతి అని తేల్చింది. అలా జరిగితే బిల్లు, ఆ బోర్డు ఫొటో పెట్టుకుని 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయండి. మీ టీవీ బిల్లులో అలా పైన కలిపిందేమీ లేదు కాబట్టి ఆ 458 సంగతి మర్చిపోండి.