ఐదు లక్షల బీమా ఉన్నా ఆసుపత్రి బిల్లులో సగం మనమే ఎందుకు కట్టాల్సి వస్తుంది?

పాలసీలో గది అద్దెకు పరిమితి ఉండి, అంతకంటే ఖరీదైన గదిలో చేరితే, బీమా సంస్థ అద్దెతో పాటు మరికొన్ని ఛార్జీల్లోనూ అదే నిష్పత్తిలో కోత పెడుతుంది. చాలా ఆసుపత్రుల్లో సర్జన్ ఫీజు, ఆపరేషన్ థియేటర్, నర్సింగ్ ఛార్జీలు గది స్థాయిని బట్టి పెరుగుతాయి. కోతకు కారణం అదే.

రోజుకు 5,000 రూపాయల పరిమితి ఉండగా 10,000 రూపాయల గది తీసుకున్నారనుకోండి. ఈ ఛార్జీలు 2,00,000 అయితే సంస్థ ఇచ్చేది 1,00,000 మాత్రమే.

అద్దెలో తేడా కట్టేస్తే సరిపోతుందన్నది చాలామంది అపోహ. అలాగని బిల్లు మొత్తానికీ కత్తెర పడదు. 2020లో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం మందులు, ఇంప్లాంట్లు, వ్యాధి నిర్ధారణ పరీక్షలు, ఐసీయూ ఛార్జీలకు ఈ కోత వర్తించదు. గదిని బట్టి రేట్లు మార్చని ఆసుపత్రుల్లో అసలే వర్తించదు, డిశ్చార్జి హడావుడిలో ఆ సంగతి అడిగేవారే తక్కువ.