మా చెల్లెలికి అన్నీ పాపంగానే కనిపిస్తున్నాయి, ఏం చేయాలి?

ప్రశ్న: మావారూ నేనూ ఇరవై ఏళ్లుగా విశ్వాసంలో ఉన్నాం. మా చెల్లెలు బాప్తిస్మం తీసుకుని ఏడాదైంది, మాతోనే ఉంటోంది. సినిమా పాపమంటుంది, ఆదివారం బట్టలు కూడా ఉతకదు. మావారు భోజనాల దగ్గర వాక్యాలు ఎత్తి చూపి వాదిస్తారు. పోయిన నెల "ఏం కాదు, కూర్చో" అని పట్టుబట్టి మాతో సినిమా చూపించారు. ఆ రాత్రంతా ఏడ్చింది. అప్పట్నుంచి కుటుంబ ప్రార్థనకు రావడం లేదు. తనను సరిదిద్దాలా, మేమే మారాలా?

జవాబు: సినిమా తప్పా కాదా అన్నది కాసేపు పక్కన పెట్టండి. తప్పని నమ్ముతూనే, బావ మాట తీసేయలేక మీ చెల్లెలు కూర్చుంది. అసలు గాయం అక్కడ తగిలింది. కొన్ని ఆహారాలు తినొచ్చా కూడదా అన్న గొడవ గురించి అపొస్తలుడు పౌలు రాసిన బైబిలు పత్రికలో, రోమా 14వ అధ్యాయం చివరి వచనం చెప్పేది ఇదే: సందేహిస్తూ తిన్నవాడు దోషి అవుతాడు, ఎందుకంటే అది విశ్వాసంతో చేసిన పని కాదు. మీరు చేసేది చూసి ఆమె నొచ్చుకోవడం వేరు, మీ వల్ల తన మనస్సాక్షిని తానే తొక్కేయడం వేరు. సహోదరుడి దారికి అడ్డం వేయొద్దని పౌలు అన్నది ఈ రెండోదాని గురించే. ఇలా పదేపదే జరిగితే మనస్సాక్షి మొద్దుబారుతుంది, లేదంటే దేవుని ముందుకు రావడానికే మొహం చెల్లదు. ప్రార్థన మానేయడానికి కారణం బహుశా ఇదే.

అందుకని మొదటి అడుగు మీవారే వేయాలి. "అమ్మా, ఆరోజు నిన్ను బలవంతపెట్టాను, తప్పు నాదే." ఇంతే చాలు. దీని వెనక "కానీ" అని ఒక్క వాక్యం తగిలించినా మళ్లీ వాదనే అవుతుంది.

ఆయన చూపే వాక్యాలు సరైనవే కావచ్చు. విగ్రహాలకు అర్పించిన మాంసం తినొచ్చన్న కొరింథు సంఘంలోని జ్ఞానమున్నవాళ్ల మాట కూడా నిజమే: విగ్రహం వట్టిది, దేవుడొక్కడే. పౌలు దాన్ని కాదనలేదు. కానీ ఆ జ్ఞానం వల్ల ఒక సహోదరుడు నశించేలా ఉంటే తాను మాంసమే ముట్టనన్నాడు (1 కొరింథీ 8). మీ చేతిలో ఉన్నది అంతకంటే చిన్న త్యాగం. బట్టలు శనివారమే ఉతికేయండి. ఆమె ఇంట్లో ఉన్నప్పుడు సినిమా పెట్టకండి. మీరు చూస్తారన్న సంగతి దాచనక్కర్లేదు, రమ్మనకుండా ఉంటే చాలు. భోజనాల దగ్గర ఈ చర్చ పూర్తిగా ఆపేయండి.

బోధ మాటేమిటంటారా? మార్కు సువార్త రోజుకు అర అధ్యాయం చొప్పున ఆమెతో కలిసి చదవండి. నెల రోజుల్లో అయిపోతుంది. యేసు ఎవరో స్థిరపడేకొద్దీ, దేనికి భయపడాలో దేనికి అక్కర్లేదో ఆమెకే తేలుతుంది. రోమా 14 తనంతట తాను అడిగితేనే తెరవండి.

ఒక హద్దు కూడా ఉంది. సినిమా చూసేవాళ్లు రక్షణ పొందలేదని ఆమె ఇతరులకు తీర్పు తీర్చడం మొదలుపెడితే మెత్తగానే అయినా స్పష్టంగా అడ్డు చెప్పండి. తిననివాడు తినేవాడికి తీర్పు తీర్చకూడదని అదే అధ్యాయంలో ఉంది. యూదుల కోసం తన సహచరుడు తిమోతికి సున్నతి చేయించిన పౌలే, అది లేకపోతే కుదరదని కొందరు పట్టుబట్టినచోట మరో సహచరుడు తీతు విషయంలో ఒక్క గడియ కూడా లొంగలేదు. ఆమె మినహాయింపు అడిగితే ఇవ్వండి, దాన్నే అందరికీ నియమం చేస్తానంటే ఒప్పుకోకండి.

మళ్లీ ప్రార్థనకు వచ్చిన రోజు ఇన్నాళ్లూ ఎందుకు రాలేదని అడక్కండి. పక్కన చోటిచ్చి, ఆరోజు చదవాల్సిన భాగాన్ని ఆమె చేతే చదివించండి.