ఆన్‌లైన్ స్టోర్‌కి ఏ ఓపెన్ సోర్స్ ప్లాట్‌ఫామ్ మంచిదని అడిగారు కదా

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: మూడు వందల రకాల పిల్లల బట్టలు ఆన్‌లైన్‌లో అమ్మాలి, మీకు పీహెచ్‌పీ అనే ప్రోగ్రామింగ్ భాష కొద్దిగా వచ్చు, మిగతా ఇద్దరికి కోడింగ్ రాదు. వూకామర్స్, మెజెంటో, ప్రెస్టాషాప్, ఓపెన్‌కార్ట్, మెడూసా, కోడ్ అందరికీ తెరిచి ఉండే ఈ ఓపెన్ సోర్స్ ప్లాట్‌ఫామ్‌లలో ఏది తీసుకోవాలి?

వూకామర్స్‌తో మొదలుపెట్టండి, అది వర్డ్‌ప్రెస్ సైట్‌ని దుకాణంగా మార్చే ప్లగిన్ (జోడించుకునే సాఫ్ట్‌వేర్). ఎందుకో చెప్తాను.

మా అక్క కూడా బట్టలే అమ్ముతుంది. ఆవిడ స్టోర్ సైట్‌ని ఆరేళ్లుగా నేను చూసుకుంటున్నాను. మొదట్లో నేను ఫీచర్లు పక్కపక్కన పెట్టి, టిక్కులు ఎక్కువ ఉన్న పెద్ద ప్లాట్‌ఫామ్‌నే ఎంచుకున్నాను. అది బాగా పనిచేసే సాఫ్ట్‌వేరే, కానీ దాన్ని నడిపే మనుషులు మా దగ్గర లేరు. ఒక గౌనుకి ఆరు సైజులు, ఐదు రంగులు అంటే ముప్పై వేరియంట్లు, ఒక్కోదానికి స్టాక్ విడిగా వేయాలి. అక్క ఒక చేత్తో ప్యాకింగ్ చేస్తూ ఇంకో చేత్తో ఫోన్ పట్టుకుని ఆ పేజీ తెరిచేది. స్టాక్ మార్చే చోటు దొరక్క ప్రతిసారీ నాకు ఫోన్ చేసేది. ఎనిమిది నెలలు అలా లాగి, చివరికి వూకామర్స్‌కి మారాం.

అందుకే సైట్ కట్టేవాళ్ల గురించి కాకుండా, కట్టాక రోజూ దాంట్లో పనిచేసేవాళ్ల గురించి ముందు ఆలోచించండి. మీకు నచ్చిన రెండు ప్లాట్‌ఫామ్‌లు ట్రయల్‌గా ఇన్‌స్టాల్ చేసి, కోడింగ్ రాని మీ భాగస్వామికి అసలైన ఐటమ్స్ ఓ పది ఇవ్వండి. సైజులు, రంగులు, ఫోటోలతో సహా వాళ్లే ఎక్కించాలి. ఒక ఆర్డర్ పెట్టించి, అందులో ఒక్క వస్తువుకే రీఫండ్ చేయమనండి. మీరు పక్కనే కూర్చుని చూడండి, నోరు మాత్రం విప్పకండి.

మిగతావాటి సంగతి. మెజెంటో చాలా శక్తిమంతమైనది. ఒకే అడ్మిన్ నుంచి చాలా స్టోర్లు నడపొచ్చు. కానీ 2020లో వచ్చిన 2.4 వెర్షన్ నుంచి ఎలాస్టిక్‌సెర్చ్ లేదా ఓపెన్‌సెర్చ్ లాంటి సెర్చ్ ఇంజిన్‌ని విడిగా నడపడం తప్పనిసరి, చాలా సైట్లు ఒకే సర్వర్‌ని పంచుకునే మామూలు షేర్డ్ హోస్టింగ్ దానికి చాలదు. డెవలపర్ల టీమ్ ఉంటేనే అటు వెళ్లండి. మెడూసా, జావాస్క్రిప్ట్‌ని సర్వర్‌లో నడిపే నోడ్ జేఎస్ మీద నడుస్తుంది, కొనేవాళ్లకి కనబడే స్టోర్ భాగాన్ని విడిగా కట్టుకోవాలి. జావాస్క్రిప్ట్ బాగా వచ్చినవాళ్లకి అది హాయి, మీకు కాదు. ప్రెస్టాషాప్, ఓపెన్‌కార్ట్ రెండూ పీహెచ్‌పీవే, మీకు సరిపోవచ్చు. ఎంచుకునే ముందు మీ పేమెంట్ గేట్‌వేకి (ఆన్‌లైన్‌లో డబ్బు వసూలు చేసిపెట్టే సర్వీస్‌కి), మీ కొరియర్‌కి ఈమధ్య కూడా అప్‌డేట్ అయిన మాడ్యూల్ ఉందో లేదో చూసుకోండి.

వూకామర్స్‌లో తలనొప్పి అంతా ప్లగిన్ల దగ్గరే. ఒక శనివారం రాత్రి షిప్పింగ్ ప్లగిన్ అప్‌డేట్ చేశాను. హోమ్ పేజీ, కార్ట్ బాగానే ఉన్నాయి, నిద్రపోయాను. చెకౌట్‌లో ఆర్డర్ బటన్ నొక్కితే మాత్రం చక్రం తిరుగుతూనే ఉందట. ఆదివారం మధ్యాహ్నం ఒక కస్టమర్ ఫోన్ చేసేదాకా మాకు తెలియలేదు. అప్పటి నుంచి ఏ అప్‌డేట్ అయినా ముందు స్టేజింగ్ కాపీలోనే, అంటే పరీక్షకి పెట్టుకున్న సైట్ నకలులోనే వేస్తున్నాను. అక్కడ ఒక ఆర్డర్ చివరిదాకా పెట్టి చూశాకే అసలు సైట్‌కి వస్తాను. ఇంకొకటి, ఆర్డర్లను డేటాబేస్‌లో విడి టేబుల్స్‌లో దాచే హెచ్‌పీఓఎస్ అనే పద్ధతి 2023 అక్టోబర్‌లో వచ్చిన వూకామర్స్ 8.2 వెర్షన్ నుంచి కొత్త స్టోర్లకి డిఫాల్ట్ అయింది. అంతకుముందు ఆర్డర్లు కూడా వర్డ్‌ప్రెస్ పోస్టుల టేబుల్‌లోనే ఉండేవి. దీనికి సరిపడని పాత ప్లగిన్‌లు ఎంత బాగున్నా తీసుకోకండి.

పేమెంట్ విషయం కాస్త శ్రద్ధగా చదవండి. కస్టమర్ డబ్బు కట్టేసి, తిరిగి మన సైట్‌కి వచ్చేలోపు నెట్ పోతే ఆర్డర్ పెండింగ్‌లోనే ఉండిపోవచ్చు. స్టాక్‌ని పట్టి ఉంచే సమయం వూకామర్స్‌లో మామూలుగా 60 నిమిషాలు. అది దాటితే డబ్బు అందలేదనుకుని ఆర్డర్‌ని క్యాన్సిల్ చేస్తుంది. మాకు మొదటి నెలలో ఇలా రెండుసార్లు జరిగింది, డబ్బు కట్టిన మనిషికి ఆర్డర్ క్యాన్సిల్ అయినట్టు కనిపించింది. ఎంత టెన్షన్ పడి ఉంటారో! గేట్‌వే నేరుగా మన సర్వర్‌కి కబురు పంపే వెబ్‌హుక్‌ని సెట్ చేశాక ఆ సమస్య మళ్లీ రాలేదు. కార్డు వివరాలు గేట్‌వే వాళ్ల పేజీలోనే తీసుకోనివ్వండి, అప్పుడు ఆ నంబర్లు మీ సర్వర్‌ని తాకవు.

ఉచితం అన్న మాట కోర్ సాఫ్ట్‌వేర్ వరకే. హోస్టింగ్, బ్యాకప్, ఏటా రెన్యూ చేయాల్సిన ప్లగిన్లు కలిపి ముందే లెక్క వేసుకోండి. ఓపెన్ సోర్స్‌లో అసలు లాభం నాకు వేరే చోట కనిపించింది. మెజెంటో 1కి అధికారిక సపోర్ట్ 2020 జూన్ 30తో ఆగిపోయింది. మెజెంటో 2కి మారాలంటే థీమ్, ఎక్స్‌టెన్షన్లు మళ్లీ మొదటి నుంచి చేసుకోవాలి. అయినా కోడ్ అందరి చేతిలో ఉంది కాబట్టి, ఓపెన్‌మేజ్ పేరుతో డెవలపర్లు సెక్యూరిటీ ప్యాచ్‌లు ఇస్తూ వచ్చారు. నెలనెలా డబ్బు కట్టి వాడే అద్దె ప్లాట్‌ఫామ్ మూతబడితే ఆ వీలుండదు.

రేపెప్పుడైనా మీరే మారాలనుకుంటే? ప్రొడక్ట్‌లని వూకామర్స్ సీఎస్‌వీ ఫైల్‌గా (ఎక్సెల్ లాంటివాటిలో తెరుచుకునే పట్టికగా) ఇచ్చేస్తుంది. కస్టమర్ల పాస్‌వర్డ్‌లు మాత్రం మామూలుగా కొత్త చోట పనిచేయవు, వాళ్లే రీసెట్ చేసుకోవాలి, ఆ మెయిల్ ముందే పంపండి. పాత లింకులన్నీ కొత్తవాటికి 301 రీడైరెక్ట్ అవ్వాలి, అంటే పాతది నొక్కినవాళ్లు శాశ్వతంగా కొత్త పేజీకే వెళ్లాలి. మేం మారినప్పుడు ఒక షీట్‌లో ఎడమవైపు పాత లింకు, కుడివైపు కొత్తది రాసుకుని, అక్కా నేనూ ఒక్కొక్కటే నొక్కి చూశాం. రెండు సాయంత్రాలు పట్టింది.