వారం రోజుల హైదరాబాద్ ట్రిప్‌లో చెక్క మాస్కు చెక్కడం నేర్చుకోవచ్చా?

మీరు అడిగింది ఇదీ: ఆఫీసు పని మీద వైజాగ్ నుంచి వారం రోజులకి హైదరాబాద్ వస్తున్నారు, మధ్యలో రెండు మూడు రోజులు ఖాళీ దొరుకుతుంది, ఇక్కడి కళాకారుడెవరైనా పక్కన కూర్చోబెట్టుకుని చెక్క మాస్కు చెక్కడం నేర్పుతారా, తిరిగి వెళ్ళేటప్పుడు చేతిలో ఒక మాస్కు ఉంటుందా?

కూర్చోబెట్టుకుంటారు. చేతిలో మాస్కు కూడా ఉంటుంది. కాకపోతే అది చెక్కినది కాదు, మొత్తం మీరు చేసినదీ కాదు. ఈ రెండు ముక్కలు నాకు ముందే ఎవరైనా చెప్పి ఉంటే మొదటి రోజంతా మొహం మాడ్చుకుని కూర్చునేదాన్ని కాదు.

మాది బెజవాడ. కూకట్‌పల్లిలో ఉంటున్నది పదకొండేళ్ళుగా. కొండపల్లి బొమ్మల మధ్య పెరిగినదాన్ని కాబట్టి రంగులేసిన బొమ్మ ఏది కనబడినా అది ఆ బొమ్మలు చేసే పొణికి కర్రే అనుకునేదాన్ని. మాదాపూర్ శిల్పారామంలో ఒక స్టాల్‌లో చేర్యాల మాస్కులు వేలాడుతుంటే (కరోనా తర్వాత మాస్కు అంటే ఎవరికైనా మూతికి కట్టుకునేదే గుర్తొస్తోంది, ఇవి ముఖాలు) అదే నమ్మకంతో "ఇది ఏ కర్రండీ?" అని అడిగాను. స్టాల్‌లో పెద్దాయన ఒకదాన్ని కిందికి దించి వెనక్కి తిప్పి చూపించాడు. లోపల కొబ్బరి చిప్ప! పైన గట్టిపడిన పొట్టు ముద్ద. "కర్ర కాదమ్మా, రంపం పొట్టు," అన్నాడు. నేర్పుతారా అంటే ఊరికి రమ్మన్నాడు.

ఆ ఊరు చేర్యాల. ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో ఉంది, 2016లో జిల్లాలు విడదీయక ముందు వరంగల్ జిల్లా. ఇక్కడి నుంచి దాదాపు వంద కిలోమీటర్లు. నేను సికింద్రాబాద్‌లో రైలెక్కి జనగామలో దిగి, అక్కడ సిద్దిపేట రోడ్డు మీద వెళ్ళే బస్సు పట్టుకున్నాను. వెళ్ళింది సంక్రాంతి తర్వాత మొదటి ఆదివారం. దాన్ని పట్నం వారం అంటారని, కొమురవెల్లి మల్లన్న జాతరకి హైదరాబాద్ జనమంతా ఆ రోజే కదులుతారని, కొమురవెల్లి చేర్యాలకి పక్కనే ఉందని, ఈ మూడూ నాకు బస్సులో ఒంటికాలి మీద నిలబడ్డాక తెలిశాయి. దిగేసరికి నా చున్నీ నిండా ఎవరిదో బండారి (మల్లన్నకి చల్లే పసుపు). ఉగాది దాకా ఆదివారాలన్నీ ఇంతేనట. మీరు వచ్చేది ఆ రోజుల్లో అయితే సోమవారమో మంగళవారమో పెట్టుకోండి.

ఇక పని సంగతి. వెళ్ళగానే ఉలి ఇస్తారనుకున్నాను. పెద్దాయన భార్య రాత్రంతా నానబెట్టిన చింతగింజల గిన్నె నా ముందు పెట్టింది. (మా వైపు చింతపిక్కలంటాం, చిన్నప్పుడు ఆడుకోవడానికి తప్ప ఎందుకూ పనికిరావనుకునేదాన్ని.) చెక్కడం ఎప్పుడు మొదలవుతుందని నోరు జారి అడిగాను. ఆమె నవ్వి, "గీడ చెక్కుడేం లేదు బిడ్డా, అంతా మెత్తుడే," అంది.

మెత్తుడు అంటే ఇది. నానిన గింజల్ని రుబ్బాలి. ఆ రుబ్బుని నీళ్ళతో పొయ్యి మీద పెట్టి అడుగంటకుండా కలుపుతూనే ఉండాలి, జిగురు తేలి గరిటెకి పట్టుకునేదాకా. చల్లారాక జల్లెడ పట్టిన రంపం పొట్టు పోసి చపాతీ పిండి కంటే కాస్త గట్టిగా పిసకాలి. ఎక్కడ ఆపాలో మాటల్లో చెప్పమంటే ఆమెకీ రాలేదు. నా బొటనవేలు పట్టుకుని ముద్దలో నొక్కించింది. అంచులు పగిలితే పొట్టు ఎక్కువైనట్టు. వేలు వెంట ముద్ద లేచివస్తే జిగురు ఎక్కువైనట్టు. గుంట పడి, గుంట అలాగే నిలబడితే సరిపోయినట్టు. నాకు నాలుగోసారికి నిలబడింది.

చిన్న మాస్కు అయితే అర కొబ్బరి చిప్పే దానికి పుర్రె. దాని మీద ముద్దని రొట్టెలా పరిచి, వేళ్ళు తడుపుకుంటూ నునుపు చేసి, నుదురు, బుగ్గలు, గడ్డం పైకి తేవాలి. ముక్కుకి ఒక చిన్న మిరపకాయంత ముద్ద చేసి అతికించాలి. నేను ఉత్సాహం కొద్దీ వంకాయంత పెట్టాను. చూస్తుండగానే అది మెల్లగా జారి మూతి మీద కూర్చుంది. ఒకేసారి ఎక్కువ పెట్టకూడదట. పలచగా పెట్టి, ఆరనిచ్చి, మళ్ళీ పెట్టాలి. ఆ ఆరనివ్వడం దగ్గరే మీ రెండు మూడు రోజుల లెక్క తప్పుతుంది. పొట్టు ముద్ద ఆరాలి, ఆ పైన సుద్దమట్టిలో జిగురు కలిపి పూసిన పూత ఆరాలి, అది రుద్దాక ఇంకో పూత ఆరాలి, ఆ తర్వాతే రంగు. జనవరి ఎండలోనే రోజులు పట్టింది. వానాకాలంలో అయితే ఆ ఊసే ఎత్తొద్దు.

అందుకే వాళ్ళు వచ్చినవాళ్ళకి ముందే ఆరబెట్టి తెల్లపూత పూసి ఉంచిన ముఖం ఒకటి ఇచ్చి రంగులు వేయిస్తారు. మొదట నాకు ఇది మోసంలా అనిపించింది. నా ముక్కు జారిన ముఖం గోడ పక్కన ఎండుతుంటే ఎవరో చేసిన ముఖానికి నేను రంగేసి నాది అని పట్టుకెళ్ళడమేమిటి అని. కానీ రెండో రోజు చూస్తే ఆ ఇంట్లో ఏ ముఖమూ ఒక్కరిది కాదు. మెత్తేది ఒకరు, సుద్ద పూసేది ఒకరు, రంగులు నింపేది కోడలు, కళ్ళు దిద్దేది పెద్దామె. అమ్మేటప్పుడు మాత్రం పెద్దాయన పేరు చెబుతారు! (ఈ మాట ఆమె ముందే అన్నాను. ఆమె నవ్వింది, ఆయన నవ్వలేదు.)

నా మొండితనం చూసి పెద్దాయనే సాయంత్రం ఒక పొణికి ముక్క, ఒక చిన్న ఉలి తెచ్చి ఇచ్చాడు. ఈ నకాశీ కుటుంబాలకి (చేర్యాలలో ఈ బొమ్మలు చేసేవాళ్ళని అలా అంటారు) కర్ర పని కొత్తేమీ కాదు. వీళ్ళ అసలు పని కులపురాణాల పటాలు, కథ చెప్పేవాళ్ళకి బొమ్మలు. పద్మశాలీలకి మార్కండేయ పురాణం చెప్పేవాళ్ళు ఆ పటాన్ని విప్పుకుంటూ చెబుతారు. మందెచ్చుల వాళ్ళు కాటమరాజు కథ చెప్పేటప్పుడు బొమ్మలు వరసగా నిలబెడతారు. ఆ బొమ్మలకి లోపల పొణికి, పైన ఈ పొట్టు ముద్ద. ఇప్పుడు కథలు చెప్పించుకునేవాళ్ళు తగ్గిపోయి, గోడకి తగిలించే మాస్కులూ కీచైన్లూ ఇల్లు గడుపుతున్నాయి.

పొణికి ఎంత తేలికంటే చేతిలో ఉన్నట్టే ఉండదు. మెత్తన కూడా. మెత్తన కాబట్టి సులువనుకుంటారు, నేనూ అనుకున్నాను. ఉలి మీద బలం వేస్తే మనం ఆపాలనుకున్న చోట ఆగదు. బుగ్గ బాగానే వచ్చింది. ముక్కు పక్క నుంచి తీస్తుండగా ఉలి పోగు వెంట జారి ముక్కు మొత్తం ఊడి ఒళ్ళో పడింది. నేను తలెత్తలేదు. పెద్దాయన ఆ ముక్క ఏరి పక్కన పెట్టి, "ఇరిగితే ఏమాయె బిడ్డా, ముద్ద ఉన్నది కదా," అని పొద్దున నేను పిసికిన ముద్దలోంచే ఒక చిటికెడు తీసి, ముక్కు కొత్తగా నిలబెట్టాడు. కొండపల్లిలో బొమ్మల కాళ్ళూ చేతులూ అతికించే ఇదే చింతగింజల, పొట్టు ముద్దని మక్కు అంటారు. ముక్కు పోతే మక్కు. బెజవాడలో ఉన్నంతకాలం ఆ పేరు విన్నాను గానీ ఎందుకో ఆ సాయంత్రం అర్థమైంది.

మళ్ళీ ఆదివారం సాలార్‌జంగ్ మ్యూజియంకి వెళ్ళాను. అక్కడ ఒకే దుంగలో ముందువైపు ఫౌస్ట్ కథలోని దయ్యం మెఫిస్టోఫిలిస్, వెనకవైపు అదే కథలోని అమ్మాయి మార్గరెట్టా చెక్కిన 19వ శతాబ్దపు ఫ్రెంచి బొమ్మ ఉంది కదా, వెనక అద్దం పెట్టి ఉంటుంది. స్కూలు పిల్లలంతా ఆ అద్దం దగ్గర గుమిగూడతారు, నేనూ ఎన్నోసార్లు అలాగే చూశాను. ఈసారి మాత్రం రెండు ముక్కులే చూశాను. ఎక్కడా అతుకు లేదు. మీకు ఖాళీ దొరికిన మొదటి పూట ముందు అక్కడికి వెళ్ళండి. శుక్రవారం సెలవు, మర్చిపోవద్దు.

ఇప్పుడు మీ విషయానికి. ఎవరితో మాట్లాడుకున్నా "నేర్పుతారా" అని అడగకండి, నేర్పుతామనే అంటారు. ఏ దశ నుంచి నా చేత చేయిస్తారు అని అడగండి. ముద్ద పిసకడం నుంచి అంటే గింజలు ముందు రాత్రే నానబెట్టాలి కాబట్టి ఒకరోజు ముందు చెప్పాలి. రంగులు మాత్రమే అంటే అది రెండు గంటల పని, దానికి శిల్పారామం చాలు, ఊరిదాకా వెళ్ళక్కర్లేదు. నేనైతే ఒకటి పచ్చిది మెత్తి వచ్చేసి, ఒకటి ఆరినది రంగులేసి తెచ్చుకోమంటాను. డబ్బు ముందే మాట్లాడుకోండి. మొహమాటపడి చివర్లో "ఎంతివ్వమంటారు" అంటే వాళ్ళూ మొహమాటపడి తక్కువ చెబుతారు. వాళ్ళ రోజు కూలి మీ వల్ల పోతోందని గుర్తుంచుకుని ఇవ్వండి.

మెత్తడం కాదు, నాకు ఉలి పనే కావాలి అంటే నిర్మల్ వెళ్ళాలి. ఇక్కడి నుంచి 200 కిలోమీటర్ల పైన, నాగపూర్ హైవే మీద. అక్కడ పొణికితో పళ్ళు, పక్షులు, జంతువులు చేస్తారు. ఒక్కసారే వెళ్ళాను, అదీ పని మీద. చూసినంతలో మాస్కులు వాళ్ళ ప్రధానమైన పని కాదు, కానీ కర్ర మీద చెయ్యి ఎలా ఆపాలో అక్కడ చూస్తే తెలుస్తుంది. ముఖమే, అదీ నిలువుగా దుంగలోంచి తొలిచినదే కావాలంటే మన దగ్గర కాదు, బెంగాల్‌లో దక్షిణ దినాజ్‌పూర్ జిల్లా కుశ్మండి. గోమీరా ఆటకి కట్టుకునే చెక్క ముఖాలు వాళ్ళవి, 2018లో జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చింది. అది వారం రోజుల ఆఫీసు ట్రిప్‌లో ఇమిడేది కాదు.

ఒక జాగ్రత్త. నేను మెత్తిన పచ్చి ముఖాన్ని వాళ్ళు వద్దన్నా వినకుండా ప్లాస్టిక్ కవర్లో చుట్టి తెచ్చుకున్నాను. రైల్లో బుగ్గ పగిలింది. సర్లే అని షెల్ఫులో పెడితే జూలై వానలకి మొహమంతా ఆకుపచ్చ నూగు, పైగా ఒక పుల్లటి వాసన, మా అత్తగారు ఫ్రిజ్‌లో ఏదో పాడైందని రెండు రోజులు వెతికారు. పచ్చిది అక్కడే వదిలేయండి, ఆరాక కొరియర్ చేయమనండి. తెచ్చుకుంటే పాత నూలు గుడ్డలో, గాలి ఆడేలా.

రంగులేసినది మాత్రం హాల్లో ఉంది. ఎర్ర బొట్టు, ముక్కుపుడక, చెవిదాకా సాగిన కళ్ళు. కళ్ళు అన్నిటికంటే చివర దిద్దుతారు. ఆ రోజు కుంచె పట్టుకుంటే నా చెయ్యి ఆగకుండా వణికింది. పెద్దామె నా చేతిలోంచి కుంచె తీసుకుని ఎడమ కన్ను గీత ఒక్క గుక్కలో లాగేసి, కుంచె మళ్ళీ నాకిచ్చి, "ఇగ నీది," అంది. కుడి కన్ను నాది. ఇంటికి వచ్చినవాళ్ళు దాన్ని చూసి ఈమె ఎవరికో కన్ను కొడుతున్నట్టుందే అంటారు.