మాస్టారి జవాబులు: మంచం మీద పోయిన సిపాయి ఏ లోకానికి వెళ్లినట్టు?

పోయిన సంచికలో వైకింగుల (వెయ్యేళ్ల కిందటి ఉత్తర ఐరోపా సముద్ర యోధుల) దేవుళ్ల గురించి నాలుగు ముక్కలు రాశాను. విజయనగరంలో రిటైరైన సోషల్ మాస్టారికి ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు. నాలుగింటికి జవాబులివి.

ప్రశ్న: మాస్టారూ, మా నాన్నగారు పదిహేడేళ్లు ఆర్మీలో చేశారు. మొన్న మాఘమాసంలో సుగరు ముదిరి ఇంట్లోనే, మంచం మీద పోయారు. మా వాడు తొమ్మిదో తరగతి. ఫోన్లో వైకింగుల గేమ్ ఆడతాడు. "తాతయ్య యుద్ధంలో పోలేదు కదమ్మా, వల్హల్లాకి రానివ్వరు, హెల్‌కి పంపేస్తారు" అన్నాడు. పిల్లాడి మాటే గానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. వాళ్ల పుస్తకాల్లో నిజంగా అలా ఉందా?
(బొబ్బిలి దగ్గర నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: ఉందమ్మా. మీ వాడు అబద్ధం చెప్పలేదు. గేమ్‌లో ఉన్నంతే చెప్పాడు.

వల్హల్లా అంటే మన వీరస్వర్గం లాంటిదే. బొబ్బిలి యుద్ధం బుర్రకథ విన్న ఊరివాళ్లు మీరు, రణంలో కూలినవాణ్ణి రంభ వచ్చి తీసుకుపోతుందంటే మీకు వింతేముంది? అక్కడ ఆ పని వాల్కిరీలనే దేవకన్యలది. వాళ్ల పెద్ద దేవుడు ఓడిన్ కొలువులో ఆ వీరులు పగలంతా కొట్టుకుంటారు, భోజనాల వేళకి లేచి పక్కపక్కన కూర్చుంటారు. ఒకే పందిని రోజూ వండుతారు, సాయంత్రానికి అది మళ్లీ నిక్షేపంగా లేస్తుంది. హైడ్రూన్ అనే మేక పొదుగు నుంచి తేనెను పులియబెట్టి చేసే మద్యం ధారగా వస్తుంది. మిలటరీ కోటాలో కూడా అంత దొరకదు, నాన్నగారుంటే ఒప్పుకునేవారు. పోతే, పోరులో పడ్డవాళ్లంతా ఓడిన్‌కే చెందరు. సగం మంది ఫ్రేయా అనే దేవత వాటా.

జబ్బుతోనో ముసలితనంతోనో పోయినవాళ్లు హెల్ దగ్గరికి వెళతారని రాసినవాడు స్నోరి స్టుర్లూసన్, ఐస్‌లాండ్ వాడు, 1220 ప్రాంతంలో. ఆ దేశం 1000 సంవత్సరం ప్రాంతంలోనే క్రైస్తవంలోకి మారింది. అంటే రెండు వందల ఏళ్ల తర్వాత ఒక క్రైస్తవుడు తాతల నాటి నమ్మకాలను రాసిపెట్టాడన్నమాట. హెల్ అనేది చోటు పేరూ, దాన్ని ఏలే ఆవిడ పేరూ. ఒళ్లు సగం నీలం, సగం మామూలు రంగు. ఆవిడ కంచం పేరు ఆకలి, కత్తి పేరు కరువు. వింటే భయమే. కానీ మన గుడి గోడల మీద బొమ్మల్లో లాగా సలసల కాగే నూనె అక్కడ లేదు. మాట తప్పినవాళ్లకీ హంతకులకీ వేరే చోటుంది, పాముల వెన్నెముకలతో అల్లిన ఇల్లు. ఓడిన్ సొంత కొడుకు బాల్డర్ చనిపోయి వెళ్లింది కూడా హెల్ దగ్గరికే. అతని కోసం బల్లలకు బంగారం పరిచి ఉంచారు.

ఇంకో సంగతి మీ వాడికి చెప్పండి. అదే స్నోరి రాజుల చరిత్ర రాస్తూ, ఓడిన్‌ని దేవుడిగా కాక మనిషిగా చూపి, అతను స్వీడన్‌లో జబ్బు చేసి పడక మీదే పోయాడన్నాడు! పోయేముందు ఈటె మొనతో ఒంటి మీద గాటు పెట్టించుకున్నాడట. ఆఖరి నిమిషంలో సర్వీస్ రిజిస్టర్‌లో ఎంట్రీ వేయించుకున్నట్టుంది నాకైతే.

మరో కథలో పడుకున్నవాణ్ణి పడుకున్నట్టే ఈటెతో పొడిచి చంపుతారు. పాతిపెట్టే ముందు అతని కాళ్లకు జోళ్లు కడతారు. వాటి పేరు హెల్ జోళ్లు, కట్టేది మాత్రం వల్హల్లాకి నడిచి వెళ్లడానికట. చూశారా, వాళ్లకే పక్కా లెక్క లేదు. పెద్దకర్మ నాడు మీరూ చెప్పులూ గొడుగూ దానం ఇచ్చే ఉంటారు. మా అమ్మ పోయినప్పుడు నేనిచ్చినవి ఆవిడ జన్మలో వేసుకోనంత ఖరీదైన చెప్పులు.

ఎగిల్ స్కల్లాగ్రిమ్సన్ అని ఒక యోధుడు, కవి. ఎందరినో నరికినవాడు. చూపు పోయి, ఎనభై దాటాక జబ్బుతో పోయాడు. తన కొడుకు సముద్రంలో పోయినప్పుడు చెప్పిన పద్యం చివర్లో, హెల్ అదిగో సముద్రంలోకి పొడుచుకొచ్చిన నేలకొస మీద నిలబడి ఉంది, దిగులు లేకుండా సంతోషంగానే ఆమె కోసం ఎదురు చూస్తాను అంటాడు. అంతటివాడికి లేని బెంగ మీ నాన్నగారికెందుకమ్మా?

ప్రశ్న: మనకు పద్నాలుగు లోకాలు, వాళ్లకు తొమ్మిది అంటారు. వరసగా పేర్లు చెప్పండి. మా స్కూల్ క్విజ్‌కి.
(ఆమదాలవలస)

జవాబు: మన అతల వితల సుతలాల్లాగా వరస వాళ్ల పాత పద్యాల్లో లేదు. తొమ్మిది లోకాలని ఉంది, జాబితా లేదు. దేవుళ్ల అస్గార్డ్, మనుషుల మిడ్‌గార్డ్, రాక్షస జాతి యోతున్‌హైమ్, మంచూ చీకటీ నిండిన నిఫ్ల్‌హైమ్, నిప్పుల ముస్పెల్... ఇలా విడివిడిగా దొరికిన పేర్లను తర్వాతివాళ్లు ఏరి తొమ్మిది చేశారు. క్విజ్‌లో ఈ ప్రశ్న పెట్టకండి, గొడవలౌతాయి.

పైగా అవి మేడ మీద మేడ కాదు. ఇగ్‌డ్రసిల్ అనే మహావృక్షం చుట్టూ ఉన్నాయి. వేళ్లను ఒక సర్పం కొరుకుతుంటుంది, కొమ్మల్లో ఒక గద్ద, ఇద్దరికీ మధ్య రటటోస్క్ అనే ఉడత పైకీ కిందకీ తిరుగుతూ చాడీలు మోస్తుంటుంది. (మా స్టాఫ్‌రూమ్‌లోనూ ఒకాయన ఉండేవాడు.) ఇగ్‌డ్రసిల్ అనే ఆ చెట్టు పేరుకి ఓడిన్ గుర్రం అని అర్థం చెబుతారు, జ్ఞానం కోసం అతను తొమ్మిది రాత్రులు చెట్టుకి వేలాడాడు కాబట్టి. ఏటా దసరా వెళ్లిన మంగళవారం పైడితల్లి సిరిమాను చూస్తాను. మాను కొసన పూజారి ఊగుతుంటే ఈ కథే గుర్తొస్తుంది. గుర్తొస్తుంది, అంతే. రెండూ ఒకటేనని యూట్యూబ్‌లో పెట్టకండి.

ప్రశ్న: వల్హల్లాకి 540 తలుపులు, ఒక్కో తలుపులోంచి 800 మంది. గుణిస్తే 4,32,000. మన కలియుగం ఏళ్లు! ఇది మన వేదాల నుంచి వెళ్లిందే కదా?
(శ్రీకాకుళం)

జవాబు: గుణకారం కరెక్టే. కానీ ఈ తలుపుల లెక్క ఉన్న పాత పద్యం నాటి నార్స్ భాషలో (వైకింగుల భాష అది) వంద అంటే తరచుగా 120. అలా లెక్కేస్తే 540 కాస్తా 640 అవుతుంది, 800 కాస్తా 960. గుణించండి, 6,14,400. కలియుగం చేజారిపోయింది.

ప్రశ్న: మాది కళింగపట్నం దగ్గర. మా చిన్నాన్న వేటకెళ్లి తిరిగి రాలేదు, మనిషీ దొరకలేదు. సముద్రంలో పోయినవాళ్ల గురించి వాళ్లేమంటారు మాస్టారూ?

జవాబు: తమ్ముడూ, వాళ్లూ సముద్రం మీద బతికినవాళ్లే. రాన్ అనే కడలి దేవత వల వేసి మునిగినవాళ్లను తన ఇంటికి లాక్కుపోతుందనేవారు. ఒక కథలో తుపానులో చిక్కిన పడవ నాయకుడు బంగారు కడియం ముక్కలు చేసి తనవాళ్లకు పంచుతాడు, ఆవిడ ఇంటికి వట్టి చేతులతో వెళ్లకూడదని.

నాకు ఇంతకన్నా నచ్చింది ఇంకొకటుంది. ఐస్‌లాండ్‌లో హెల్గఫెల్ అని చిన్న కొండ. ఆ చుట్టుపక్కలవాళ్లు పోతే ఆ కొండలోకే వెళతారని నమ్మేవారు. ఒక సాయంత్రం గొర్రెల కాపరికి కొండ ఉత్తరం వైపు తెరుచుకుని కనిపించిందట. లోపల పెద్ద మంటలు, విందు సందడి. ఊరి పెద్ద థోర్‌స్టెయిన్‌ని పేరు పెట్టి పిలిచి, మీ నాన్నకి ఎదురుగా ఉన్న పెద్ద పీట నీదే, కూర్చో అంటున్నారు. కాపరి ఇంటికొచ్చి థోర్‌స్టెయిన్ భార్యకి చెప్పాడు. తెల్లారి మనుషులొచ్చారు, చేపల వేటకెళ్లిన థోర్‌స్టెయిన్ మునిగిపోయాడన్న కబురుతో.